బొట్టు పెట్టి పిలిచిన వీరయ్య

బ్లాక్ ఫోర్ట్ అనే కంప్యూటర్ ఆటలో మొదటిసారి పేరు రాసుకునేటప్పుడు అనురాధ తన సొంత పేరే రాసుకుంది. అది తప్పని అరగంటలో తెలిసిపోయింది. విల్లు పట్టుకుని కోట ముందు నిలబడిందో లేదో, ఎక్కడెక్కడి నుంచో ముగ్గురు వీరులు కత్తులు దించుకుని పక్కన చేరారు. ఒకడు ఏ ఊరని అడిగాడు. ఒకడు తిన్నావా అని అడిగాడు. మూడోవాడు ఏమీ అడగకుండా తన ఫోన్ నంబర్ రాశాడు. ఈలోగా తోడేలు వచ్చి నలుగురినీ తినేసింది.

మర్నాడు ఆమె కొత్త మనిషిని తయారుచేసుకుంది. ఆటలో ఉన్న ముఖాలన్నిటిలోకీ పెద్ద మీసాలున్నదాన్ని ఎంచుకుంది. భుజం మీద నల్ల దుప్పటి, చేతిలో గొడ్డలి. అంతా అయ్యాక చూస్తే అచ్చం పెన్‌పహాడ్‌లో గొర్లు కాసే వాళ్ల నాన్నలా ఉన్నాడు. పేరు కూడా అదే పెట్టేసింది, వీరయ్య అని. ఆ తరువాత ఆ కోటలో ఆమెను తిన్నావా అని అడిగినవాడు లేడు.

ఇది 2013 నాటి సంగతి. అప్పటికి అనురాధకు ఇరవై ఆరేళ్లు. సూర్యాపేట పశువుల దవాఖానలో అసిస్టెంట్‌గా చేస్తూ, దవాఖాన వెనకే పచ్చ గేటు ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేది. ఆమె ఉద్యోగంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పదిమంది ఒకేసారి మాట్లాడేవారు. మా బర్రెను ముందు చూడమంటే మా మేకను ముందు చూడమని. కుదురుగా నిలబడి తన వంతు వచ్చేదాకా ఆగేవి పశువులొక్కటే. అందుకని ఆదివారం మధ్యాహ్నం ఫోన్ పక్కన పడేసి, సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆమెకు ప్రాణం లేచివచ్చేది.

ఆ ఆటలో అందరూ నలుగురేసి గుంపులు కట్టి పోయేవారు. అనురాధ ఒక్కతే పోయేది. నలుగురు పది నిమిషాల్లో చంపే రాక్షసుణ్ణి ఆమె మూడు గంటలు చంపేది. ఒక దెబ్బ వేసి రాయి చాటుకు పోవడం, గాయం మానిందాకా కూర్చోవడం, లేచి ఇంకో దెబ్బ వేయడం. మధ్యలో అన్నం కూడా వండుకునేది. అలా ఆరు నెలల్లో ఆరు గేట్లు ఒంటరిగా దాటింది. అలా దాటినవాళ్లు ఆటలో ఇంకెవరూ లేకపోవడంతో వీరయ్య పేరు పాకిపోయింది. ఆయన ఎవరితోనూ మాట్లాడడట, మాట్లాడితే ఒక్క ముక్కేనట, అదీ "రాను" అనేనట.

ఏడో గేటు దగ్గర ఆమె ఆగిపోయింది. అక్కడ రాతి ఏనుగు కాపలా ఉంటుంది. నలుగురు కలిసి వస్తే తప్ప ఆ గేటు తెరుచుకోదు.

అదే గేటు దగ్గర ఇంకో ముగ్గురూ ఆగిపోయి ఉన్నారు. వాళ్లు తమకు ఎడమ కాలువ బ్యాచ్ అని పేరు పెట్టుకున్నారు. కోదాడలో ఎరువుల దుకాణం నడిపే సుధాకర్, అతని భార్య రోజా, మిర్యాలగూడ రైస్ మిల్లులో మెషీన్ చూసుకునే హరీష్. ముగ్గురి ఊళ్లకూ సాగర్ ఎడమ కాలువ నీళ్లే కాబట్టి ఆ పేరు. దొరికిన నాలుగోవాడల్లా మంచి కత్తి చేతికి రాగానే పారిపోయేవాడు. సుధాకర్ దృష్టి వీరయ్య మీద పడింది. నెల రోజులు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా బ్యాచ్‌లోకి రా." "రాను." "అన్నా, ఒక్కసారి." "రాను."

ఒకరోజు దవాఖానలో పోతుగొర్రె కాలు తొక్కింది. అనురాధ కుంటుకుంటూ ఇంటికొచ్చి చూస్తే మళ్లీ అదే మెసేజ్. ఒళ్లు మండిపోయి ఇలా రాసింది: "ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలువుండ్రి, వస్త. సూర్యాపేట, పశువుల దవాఖాన ఎనక, పచ్చ గేటు."

ఆ మాటకు సుధాకర్ ఎగిరి గంతేశాడు.

తరువాతి ఆదివారం అసలు వీరయ్య పెన్‌పహాడ్ నుంచి ట్రాలీ ఆటోలో ఒక పొట్టేలును తీసుకుని వచ్చాడు. దానికి కడుపు ఉబ్బింది. అనురాధ మందు పట్టించి, సాయంత్రం దాకా ఇక్కడే ఉండనిమ్మంది. అంతలో ఇమాంపేటలో ఎవరిదో బర్రె ఈనలేక ఇబ్బంది పడుతోందని ఫోన్ వస్తే డాక్టరుతో కలిసి వెళ్లింది. వీరయ్య పొట్టేలును గేటుకు కట్టేసి, గొంగడి భుజాన వేసుకుని, ఆకు కొమ్మలు కొట్టడానికి తెచ్చిన గొడ్డలి ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

పది గంటలకు ముగ్గురు మనుషులు గేటు ముందు ఆగి కొయ్యబారిపోయారు. అవే మీసాలు. అదే నల్ల దుప్పటి. అదే గొడ్డలి.

"వీరయ్య... గారేనా?" అన్నాడు సుధాకర్.

"నేనే బిడ్డా. ఎవలు మీరు?"

"సుధాకర్‌ని అన్నా! కోదాడ! ఎడమ కాలువ బ్యాచ్!"

వీరయ్య ముఖం గంభీరమైంది. "కాలువ ఆఫీసోళ్లా? మా దిక్కు నీళ్లు రాక ఎన్నేండ్లాయె? ఇప్పుడు యాదికొచ్చినమా?"

సుధాకర్ పెద్దగా నవ్వాడు. హరీష్ కూడా నవ్వాడు, అన్నకు జోకులు కూడా వచ్చని. రోజా మాత్రం వచ్చిన పని మరిచిపోలేదు. సంచిలోంచి కుంకుమ భరిణె తీసి, ముందుకొచ్చి, ఆయన నుదుట ఇంత బొట్టు పెట్టింది. "మీరన్నట్టే బొట్టు పెట్టి పిలుస్తున్నాం. తప్పకుండా రావాలి."

"వస్త బిడ్డా, ఎందుకు రాను? పెండ్లి ఎవలది?"

"పెళ్లి కాదండీ, ఏడో గేటు!"

"ఓ, గేట్లా!" వీరయ్యకు అంతా అర్థమైపోయింది. "సాగర్ గేట్లు ఎత్తుతున్నరా? నేను సూడక చానా దినాలాయె. బస్సు పెట్టిండ్రా?"

మహానుభావులు ఇలాగే తికమకగా మాట్లాడతారని సుధాకర్‌కు గట్టి నమ్మకం. అందుకని ఆ మాటను పట్టించుకోకుండా, మెట్టు కింద చతికిలబడి, ఎన్నాళ్లుగానో దాచుకున్న ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"అన్నా, రోజుకు ఎన్ని గంటలు వెళ్తారు?"

"పొద్దు పొడవంగ పోత. పొద్దుగూకినంక వస్త."

"పన్నెండు గంటలు!" అన్నాడు హరీష్ నోరు తెరిచి.

"ఎప్పుడూ ఒక్కరేనా? ఎట్టా సాధ్యం?" అడిగాడు సుధాకర్.

"ఒక్కడినే మంచిగుంటది బిడ్డా. ఇంకొకడుంటే ముచ్చట్లల్ల పడుడే. ఆడు చుట్ట అడుగుతడు, నేను అగ్గిపెట్టె అడుగుత. గంతల ఇటు రెండు, అటు నాలుగు జారిపోతయి."

"మరి తోడేళ్లొస్తే?"

"ఇప్పుడేడున్నయి తోడేళ్లు? నా పడుసుతనంల మా గుట్టల మీద ఉండె. ఒకపాలి ఒకదాన్ని గొడ్డలి తిరగేసి కొట్టిన."

"తిరగేసా? పదును వైపు కాదా?"

"పదునుతోని కొడితే ఇరుక్కుంటది. నువ్వు గొడ్డలి గుంజుకునేటాలకు రెండోది మీదికొస్తది."

రోజా చిన్న పుస్తకం తీసి ఆ ముక్క రాసుకుంది. హరీష్ ఇక ఆగలేకపోయాడు. "పెద్దాయనా, అదంత సరే గని, ఏనుగును ఎట్ల కొట్టాలె?"

వీరయ్య అతని వైపు అనుమానంగా చూశాడు. "ఏనుగునా? ఏనుగును ఎందుకు కొట్టుడు? పాపం గద."

"గేటుకాడ నిలబడి ఎవర్నీ పోనిస్తలేదు. ముగ్గురం పోయినం, ముగ్గుర్నీ సంపేసింది."

"ఎవల్ని?"

"మమ్మల్నే. పదిహేడు సార్లు."

వీరయ్య ముగ్గురినీ ఒక్కొక్కరినే పరికించి చూశాడు. మంచి బట్టలే వేసుకున్నారు. చూడ్డానికి చదువుకున్నవాళ్లలాగే ఉన్నారు. లేచి రోజా తల మీద చెయ్యి పెట్టి మెత్తగా అన్నాడు: "ఇది పశువుల దవాఖాన బిడ్డా. మనుషులది బస్టాండ్ అవతల ఉంటది. నడువుండ్రి, నేను తోల్కపోత."

సరిగ్గా అప్పుడే అనురాధ గేటు తీసుకుని వచ్చింది. మోచేతుల దాకా తడి, ముఖంలో దూడ బతికిందన్న సంతోషం. తండ్రి నుదుటి బొట్టు, కుంకుమ భరిణె, తెలియని ముగ్గురు మనుషులు వరసగా కనిపించేసరికి ఆ సంతోషం కాస్తా ఎగిరిపోయింది.

"బిడ్డా, పాపం వీళ్లకు పానం బాగలేదు," అన్నాడు వీరయ్య.

"మేము వీరయ్య అన్న కోసం వచ్చాం," అన్నాడు సుధాకర్.

తప్పించుకునే దారి కోసం అనురాధ అటూ ఇటూ చూసింది. గేటుకు పొట్టేలు అడ్డంగా ఉంది. చేసేది లేక చెప్పేసింది. ఆట తనదేనని, పేరు, మీసాలు మాత్రం నాన్నవని.

సుధాకర్ మెట్టు మీద కూలబడ్డాడు. వీరయ్య గురించి కోదాడలో ఎంతమందికి చెప్పాడో ఒక్కొక్కరే గుర్తుకొస్తున్నట్టున్నారు. రోజా మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "అయితే మీరూ నాలాగేనా! నేనూ మొదట్లో రోజా అనే పెట్టుకున్నా. అందరూ తిన్నావా, తిన్నావా!" అంటూ వచ్చి అనురాధకు కూడా బొట్టు పెట్టేసింది. "ఇక రానంటే కుదరదు."

"నేను రాను," అంది అనురాధ. "గుంపుల పోతే అందరు నెత్తి మీద కూసొని చెప్పుడే. ఎడమకు పో, కుడికి రా, మందు పొయ్యి. దవాఖానల ఆరు రోజులు అదే వింటున్న. ఒక్క దినమన్న నన్ను నిమ్మలంగ ఉండనియ్యండ్రి."

వీరయ్య కూతురి వైపు తిరిగాడు. "నా పేరు పెట్టుకున్నప్పుడు నన్ను అడిగినవా?"

"లేదు."

"మరి పదిహేడు సార్లు సచ్చినోళ్లు బస్సెక్కి ఇంటికొచ్చిండ్రు. బొట్టు పెట్టించుకున్నది నేను. వస్త అన్నది నేను. నా మాట పోవద్దు గద. ఒక్కపాలి పోయి రా." తరువాత గొంతు తగ్గించి అన్నాడు: "నాకు గా ఏనుగును సూడబుద్ధయితుంది."

అనురాధ ఒప్పుకుంది. కానీ ఒక షరతు పెట్టింది. ఆడేటప్పుడు ఎవరూ నోరు విప్పకూడదు.

నాలుగు కంప్యూటర్లు కావాలి కనుక అందరూ పాత బస్టాండ్ దగ్గరి నెట్ సెంటర్‌కు నడిచారు. పొట్టేలును ఒంటరిగా వదలడం ఇష్టంలేక వీరయ్య దాన్ని కూడా తెచ్చాడు. సెంటర్ నడిపే గేమ్యా అనే అతను అద్దాల తలుపు తెరిచి, వచ్చినవాళ్లను లెక్కపెట్టి, "పొట్టేలు బయట," అన్నాడు. దాన్ని మెట్ల ముందున్న బండికి కట్టేశారు.

మొదటిసారి ఏనుగు దగ్గరికి వెళ్లినప్పుడు షరతు ప్రకారం ఎవరూ మాట్లాడలేదు. అనురాధ అలవాటు కొద్దీ ఒక్కతే ముందుకు పరిగెత్తింది. సుధాకర్ ఆమె కంటే ముందుండాలని ఇంకో పక్కకు పరిగెత్తాడు. హరీష్ రాయి వెనక దాక్కున్నాడు. దెబ్బ తగిలినవాళ్లకు మందు పోయాల్సిన రోజా, ఎవరి వెనక పోవాలో తెలియక మధ్యలో నిలబడి గుండ్రంగా తిరిగింది. విడిగా ఉన్నవాళ్లను వెతికి తొక్కడం ఆ ఏనుగు పద్ధతి. నలుగురినీ వరసపెట్టి తొక్కేసింది.

"పద్దెనిమిది," అన్నాడు హరీష్.

రెండోసారి కూడా అలాగే మొదలైంది. వెనక నిలబడి చూస్తున్న వీరయ్యకు ఆటలో ఏది ఏమిటో తెలియదు. కానీ నలుగురు నాలుగు దిక్కులకు చెదిరిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆయన ఒంట్లో లేదు. చెయ్యి దానంతట అదే లేచింది. నోట్లోంచి గట్టిగా "హుర్ర్ర్, టుర్రో!" అని గొర్లను మళ్లేసే కేక వచ్చింది.

నెట్ సెంటర్ అంతా ఉలిక్కిపడింది. అనురాధ అయితే ఆలోచించకుండానే వెనక్కి తిరిగింది. నడక వచ్చిన నాటి నుంచి ఆ కేకకు ఆమె కాళ్లు అలా తిరగడమే.

"ఏయ్, ఎర్ర అంగీ! ఎటు పోతున్నవ్? లోపలికి రా!" వీరయ్య తన గొడ్డలి కర్రతో సుధాకర్ కుర్చీ మీద ఒకటి తట్టాడు. ఎర్ర అంగీ వీరుడు గబగబా వెనక్కి వచ్చాడు. "రాయి సాటున్నోడా, బయటికి రా! ఆ పిల్లను నడిమిట్ల పెట్టుండ్రి! ఎడం కావద్దు, ఎడం కావద్దు!"

నలుగురూ ఒక ముద్దగా అయ్యారు. ఏనుగుకు తొక్కడానికి విడిగా ఎవరూ దొరకలేదు. అటు తిరిగింది, ఇటు తిరిగింది. దెబ్బలు పడుతూనే ఉన్నాయి.

ఆ కేక బయట పొట్టేలుకు కూడా వినిపించింది. అది బండిని పడగొట్టి, తాడు తెంపుకుని, అద్దాల తలుపును నెత్తితో తోసుకుని లోపలికి వచ్చేసింది. యజమాని పిలిచాడు, అది వచ్చింది, దాని తప్పేమీ లేదు. కుర్చీల మధ్య దూరి కాళ్ల సందుల్లో నిలబడింది. హరీష్ రెండు కాళ్లూ కుర్చీ మీదికి లాక్కుని, మోకాళ్లు చెవులకు తగులుతుండగా కత్తి తిప్పాడు. గేమ్యా పొట్టేలు కొమ్ములు పట్టుకుని వెనక్కి లాగుతూ మెడ చాచి తెర వైపే చూస్తున్నాడు.

"కొట్టండమ్మా, కొట్టండి! సగం అయిపోయింది!" అని అరిచాడు.

పొట్టేలుకు ఉబ్బిన కడుపు సరిగ్గా అప్పుడే నయమైంది. ఆ వాసనకు పక్క వరసలో పరీక్ష దరఖాస్తులు నింపుకుంటున్నవాళ్లు ముక్కులు మూసుకుని బయటికి పరిగెత్తారు. ఎడమ కాలువ బ్యాచ్ మాత్రం కదల్లేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా మౌస్ వదల్లేదు. ఏనుగు మోకాళ్ల మీద కూలింది. ఏడో గేటు తెరుచుకుంది.

సుధాకర్ లేచి వీరయ్యను కౌగిలించుకున్నాడు. వీరయ్య మాత్రం తెర మీద పడిపోయిన ఏనుగునే చూస్తూ, "అయ్యో, మంచిగుండె గద," అన్నాడు.

మధ్యాహ్నం అందరూ మెస్‌లో భోజనం చేస్తుంటే సుధాకర్ ఎనిమిదో గేటు గురించి మొదలుపెట్టాడు. ఎవరు ముందు ఉండాలి, ఎవరు వెనక ఉండాలి, రోజుకు ఎన్ని గంటలు ప్రాక్టీసు. హరీష్ ఒప్పుకోలేదు. పప్పు గిన్నెను ఏనుగు అనుకొమ్మని, ఉప్పు డబ్బాను వీరయ్య అనుకొమ్మని ఇద్దరూ వాదించుకున్నారు. అనురాధ తలదించుకుని అన్నం తింది. రోజా ఆమెను చూసి మూతి మీద వేలు పెట్టుకుని నవ్వింది. మొగుడూపెళ్లాలను కోదాడ బస్సు, హరీష్‌ను మిర్యాలగూడ బస్సు ఎక్కించి, నాన్నను ట్రాలీ ఆటోలో పంపించి, అనురాధ ఒక్కతే ఇంటికి నడిచింది. దారిలో ఎవరూ మాట్లాడేవాళ్లు లేరు. హాయిగా అనిపించింది.

మరుసటి ఆదివారం సుధాకర్ మెసేజ్‌లు పదకొండు వచ్చాయి. ఆమె దేనికీ జవాబివ్వలేదు. రెండు గంటలు ఒక్కతే గుహల్లో తిరిగింది, ఒక గుహలో గబ్బిలాలను కొట్టింది, అన్నం వండుకుంది. మూడు గంటలప్పుడు ఇంకో గుహ ముందు కొంచెంసేపు ఆగి, ఆటలో రోజా పెట్టుకున్న పేరు వెతికి, ఆమెకొక్కదానికే రాసింది: "వస్తవా? మాట్లాడకుంట ఆడదాం."

వెంటనే జవాబొచ్చింది: "వస్తున్నా. ఆయనకు చెప్పలేదు."