పన్నుతో పుట్టిన పిల్ల

నేను కునుకు తీసిన కాసేపట్లో ఎవరో మా పాప పన్ను పీకేస్తారని, ఆ నెత్తురు ఇక ఆగదని నా భయం. నాకున్న భయాలన్నిటిలోకీ పెద్దది అదే.

పాప పుట్టి పదకొండు రోజులు. కింది చిగురు మీద బియ్యపు గింజంత పన్ను, పుట్టుకతోనే వచ్చింది. పన్నుతో పుట్టినవాళ్ళు నెత్తురు తాగి బతుకుతారని మా అత్తగారికి వాళ్ళమ్మ చెప్పిందట. మా మరిదికి సినిమాలు చెప్పాయి. వాడు పాప ఫోటోకు రెండు కోరలు, నల్ల కోటు అతికించి చుట్టాలందరికీ పంపాడు. "సరదాకి వదినా!" అన్నాడు. ఆ సరదా పుణ్యమా అని పాపను చూడటానికి వచ్చేవాళ్ళు మానేశారు.

ఇవాళ పొద్దున పాలు తాగాక పాప పెదవి ఎర్రగా కనబడింది. అత్తగారు పెట్టిన కేకకు ముందు గదిలోని మా ఇస్త్రీ కొట్టుకు వచ్చినవాళ్ళు కూడా అదిరిపడ్డారు. గంటలో దారం పిన్ని దిగింది. పిల్లల కదిలే పళ్ళకు దారం కట్టి లాగడంలో ఆవిడది అందె వేసిన చెయ్యి. ఆ పేరు అలా వచ్చిందే.

"ఇస్త్రీ బల్ల మీద పడుకోబెట్టు. చిటికెలో పని," అంది, దారం వేలికి చుట్టుకుంటూ.

"పన్ను గట్టిగా ఉంది పిన్నీ. పీకితే ఇంత పసిదానికి నెత్తురు ఆగదని నర్సు చెప్పింది."

"నర్సు చెప్పిందట, ఈవిడ విందట!" అన్నారు అత్తగారు. "ఎనిమిదో క్లాసు దాటలేదు, నీకేం తెలుసే? మూతికంటిన నెత్తురు నా కళ్ళతో చూశాను."

జాకెట్టు గుండీలు విప్పాను. మరిది గోడవైపు తిరిగిపోయాడు.

"ఇక్కడ చూడండి అత్తయ్యా. పన్ను గీసుకుని చనుమొన పగిలింది. అది నా నెత్తురు. నా బిడ్డ నా దగ్గర తాగింది, మీ మెడ కొరకలేదు. పీకాలనుంటే ముందు నా పళ్ళు పీకండి పిన్నీ. ముప్పై రెండూ ఉన్నాయి, మీకు ఓపికుంటే."

దారం పిన్ని మూతి ముడిచింది. "నాకేం పోయింది? మొన్న సబ్బుల కొట్టు వెనకింట్లో ఇలాంటిదానికే పీకాను. ఇప్పటికీ దూది మారుస్తూనే ఉన్నారు, ఒక్కరైనా నోరెత్తారా?"

మొన్న పీకితే ఇప్పటికీ దూదా!

పాపను భుజాన వేసుకుని పరుగున వెళ్ళాను. పాప మూతి మీద గుడ్డ కప్పలేదు. వీధంతా చూస్తే చూడనీ. ఆ ఇంట్లో పసిపిల్ల మూలుగు వినబడుతోంది. తలుపు తట్టాను. "ఆ పిశాచం తల్లి వచ్చింది, గడియ వెయ్యి," అంది లోపల ఎవరో. చేతులు నొప్పెట్టేదాకా బాదినా తీయలేదు. ఆసుపత్రికి ఫోన్ చేస్తే రేపు మనిషిని పంపిస్తామన్నారు. ఆ మూలుగు రేపటిదాకా ఉండేలా లేదు.

నాకు తీయరు. ఇది చదువుతున్న మీకు తీస్తారు, మీ చంకలో పన్నున్న పిల్ల లేదు కదా. సబ్బుల కొట్టు పక్క సందు, రెండో తలుపు. చెప్పులు వేసుకుని ఇప్పుడే బయలుదేరండి. ఆ పిల్ల నోట్లో నెత్తురు ఆగిందో లేదో మీ కళ్ళతో చూడండి.