సైరన్ కార్డు మీద సన్నాసి ఊపిరి

రాళ్ళ షెడ్డులో నలభై రెండు మంది పనిచేస్తారు. గేటు పక్కన గోడకి కార్డుల చట్రం, దాని కింద కార్డు మీద టైము కొట్టే మిషను. పొద్దున ఎవడు ముందొస్తే వాడు తన కార్డుతో పాటు ఇంకో నలుగురివి కూడా కొట్టేస్తాడు. బస్సు తప్పినవాడిది, ఇంట్లో ఒంట్లో బాగోలేనివాడిది, ఊరికే బద్ధకించినవాడిది. దీన్ని కంపెనీ దొంగతనం అంటుంది. పది నిమిషాలు ఆలస్యమైతే సగం పూట జీతం కోసేయడాన్ని ఏమంటారో మాత్రం కంపెనీ చెప్పదు.

రాతి పలకల అంచులు గ్రైండరుతో అరగదీసే పని ఒకటుంది. ఆ పనిలో ముప్పై ఏళ్ళుగా ఉన్న మనిషిని అందరూ సైరన్ అంటారు. పొద్దున ఆరింటికి కంపెనీ సైరన్ కంటే ముందు అతని దగ్గు మోగుతుంది మరి. రోజుకో పెట్టె సిగరెట్లు. పక్క గ్రైండరు మీద అతని బావమరిది. వాడు సిగరెట్టు ముట్టడు, మందు వాసన పడదు, పెళ్ళి చేసుకోలేదు. యాభై ఒకటి వచ్చినా అక్కాబావల ఇంటి మేడమీద గదిలోనే ఉంటాడు. వాడికి సన్నాసి అని పేరు పెట్టారు. పిలిస్తే పలుకుతాడు, కోపం కూడా రాదు.

గ్రైండరు మీద నీళ్ళు పడుతుంటే దుమ్ము లేవదు. గొట్టాలున్నాయి, నీళ్ళే లేవు. నేల బురదవుతోందని, పని నెమ్మదిస్తోందని మేనేజరు ఆపించేశాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, సాయంత్రానికి నలభై రెండు మందీ ఒక్క తల్లి పిల్లల్లా తెల్లగా తయారవుతారు.

ఒకరోజు ఆసుపత్రి వాళ్ళ స్కానింగ్ బండి గేటు లోపలికి వచ్చి ఆగింది. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉంటే ముదరకముందే పట్టుకునే పరీక్ష. యాభై దాటి, ఇరవై ఏళ్ళకు పైగా రోజూ పెట్టె కాల్చినవాళ్ళకి. తొమ్మిది పేర్లు రాశారు. అందులో మొదటి పేరు సైరన్‌ది. చేయించుకున్నట్టు చీటీ తెస్తే ఆ మధ్యాహ్నం సెలవు.

సైరన్ ఆ బండి ఎక్కేది లేదనుకున్నాడు. అతనికి పని నేర్పిన ముసలి మేస్త్రీ ఆసుపత్రికి నడిచి వెళ్ళాడు, నాలుగు నెలల్లో పోయాడు. జబ్బు ముదిరాక వెళ్ళాడు కాబట్టి పోయాడని ఎవరూ చెప్పలేదు. వెళ్ళాడు కాబట్టి పోయాడని సైరన్ తీర్మానించుకున్నాడు.

"ఒరే, నా బదులు నువ్వెళ్ళు," అన్నాడు బావమరిదితో.

"నేనెందుకు బావా? నేను కాల్చను కదా."

"అందుకేరా! నీ ఊపిరితిత్తులు అద్దంలా ఉంటాయి. రిపోర్టు శుభ్రంగా వస్తుంది. మీ అక్క నోరు మూతపడుతుంది."

"పట్టుకుంటే?"

"ఇన్నేళ్ళుగా ఒకడి కార్డు ఇంకొకడు కొడుతున్నాం, ఎవడు పట్టుకున్నాడు?"

సన్నాసి నవ్వాడు. "కార్డు కొట్టమంటే కొడతాను గానీ, ఊపిరి కూడా నీ బదులు నేనే తీయాలా?" అంటూనే వెళ్ళాడు. బండి దగ్గర నర్సు కార్డు మీది ఫొటో చూసింది, మనిషిని చూసింది. ఫొటో అరిగిపోయి ఉంది, మనిషి దుమ్ము కొట్టుకుని ఉన్నాడు. ఫొటోలోవాడూ ఎదుటివాడూ ఎవరైనా కావచ్చు అన్నట్టున్నారు. లోపలికి పంపింది. ఊపిరి బిగపట్టమన్నారు, వదలమన్నారు. అయిదు నిమిషాల్లో అయిపోయింది. ఆ మధ్యాహ్నం సైరన్ హాయిగా ఇంటికెళ్ళి పడుకున్నాడు.

రెండో వారం సోమవారం పనిలో ఉండగా సైరన్‌కి ఫోను వచ్చింది. నర్సు.

"మీ కుడి ఊపిరితిత్తిలో పైభాగాన చిన్న గడ్డ కనిపించిందండీ. శనగగింజంత. భయపడకండి, ఇలాంటివాటిలో చాలావరకు క్యాన్సర్ కాదు. కానీ ఏమిటో తేల్చుకోవాలి. ఈ వారమే రండి."

సైరన్ పక్కనున్న పలక మీద కూలబడ్డాడు. మేస్త్రీ మొహం కళ్ళముందుకొచ్చింది. అంతలోనే తట్టింది. వెళ్ళింది నేను కాదు కదా! పోయిన ప్రాణం లేచొచ్చింది. జేబులోంచి సిగరెట్టు తీసి వెలిగించాడు కూడా. రెండు దమ్ములు లాగి తలెత్తితే, ఎదురుగా సన్నాసి ముక్కుకి గుడ్డ కట్టుకుని, కూనిరాగం తీస్తూ పలక అంచు అరగదీస్తున్నాడు.

సిగరెట్టు చేతిలోనే ఆరిపోయింది.

"హలో? వింటున్నారా?" అంది నర్సు.

"రాంగ్ నంబరండీ," అని పెట్టేశాడు.

చెప్పాలని మంగళవారం నోరు తెరిచి, అందులో సిగరెట్టు పెట్టుకున్నాడు. బుధవారం వాడి పక్కనే కూర్చుని అన్నం తిని, వాడి డబ్బాలోంచి రోజూ లాక్కునే కూర ముక్క కూడా తీసుకోకుండా వదిలేశాడు. "ఏంటి బావా, ఒంట్లో బాలేదా?" అన్నాడు సన్నాసి.

గురువారం ఇంటికి ఉత్తరం వచ్చింది. సైరన్ భార్య యూనిఫారాలు కుట్టే దుకాణంలో దర్జీ. మెడలో టేపు తీయకుండానే అన్నం వండుతుంది, అన్నం తింటుంది. ఉత్తరం ఆమే విప్పింది.

ఆ సాయంత్రం ముగ్గురూ తినడానికి కూర్చున్నారు. ఆమె మొగుడి కంచంలో నెయ్యి వంపింది. మళ్ళీ వంపింది. తిట్టలేదు. సైరన్‌కి అక్కడే చెమట పట్టింది. ముప్పై ఏళ్ళుగా సిగరెట్టు మీద తిట్టిన నోరు ఒక్కసారిగా మూతపడితే ఇల్లు ఇల్లులా ఉండదు.

"అంతా బాగుందన్నారు కదండీ," అంది చివరికి. ఉత్తరం కంచం పక్కన పెట్టింది. "నాతో అబద్ధం ఎందుకు చెప్పారు? నేనేం చచ్చిపోతానా వింటే? ఒరేయ్ తమ్ముడూ, నువ్వే చదువు."

సన్నాసి ఉత్తరం తీసుకుని చదివాడు. కుడివైపు, పైభాగం, శనగగింజంత. వాడి ఎడమచెయ్యి వాడికి తెలియకుండానే కుడి ఛాతీ మీదికి వెళ్ళింది. వెంటనే దించేసుకున్నాడు. బావ వైపు చూశాడు. బావ కంచంలోకి చూశాడు.

తిన్నాక బావని మెట్ల మీద పట్టుకున్నాడు సన్నాసి.

"ఎన్నాళ్ళైంది తెలిసి?"

"సోమవారం."

"మూడు రోజులు దాచావా? నోట్లో నువ్వుగింజ నాననివాడివి!"

"ఒరే, రేపు ఇద్దరం ఆసుపత్రికి పోదాం."

"పోయి ఏం చెప్తావు? కార్డు ఒకడిది, మనిషి ఒకడనా? షెడ్డులో అందరి కార్డులూ తవ్వుతారు. నలభై రెండు మంది పొట్ట కొడదామా?" సన్నాసి గొంతు తగ్గించాడు. "నాకు దగ్గు లేదు, నొప్పి లేదు, సిగరెట్టు లేదు. నాకు క్యాన్సర్ ఏంటి బావా? ఆ మిషనే తప్పు చూపించి ఉంటుంది. అక్కకి మాత్రం చెప్పకు. నీకైతే ఏడ్చి ఊరుకుంటుంది. నాకని తెలిస్తే తట్టుకోలేదు. ఆరేళ్ళప్పటి నుంచి పెంచింది."

"నాకైతే ఏడ్చి ఊరుకుంటుందా?"

"మాటవరసకి అన్నాలే బావా," అని మేడెక్కేశాడు.

తెల్లారి అయిదున్నరకి సైరన్ మామూలుగానే దగ్గాడు. భార్య వేడినీళ్ళ గ్లాసుతో పరిగెత్తుకొచ్చింది. వీపు నిమిరింది. "ఇక్కడేనా? ఇక్కడ నొప్పా?" అంటూ కుడి ఛాతీ మీద అరచెయ్యి పెట్టి రాసింది. సూదులు గుచ్చుకుని గుచ్చుకుని గరుకెక్కిన వేళ్ళు. ఆ వేళ్ళు తప్పు ఛాతీ మీద ఉన్నాయి. మేడమీద సరైన ఛాతీవాడు పనికి పోవడానికి చొక్కా తొడుక్కుంటున్నాడు. ఇంకో అరగంటలో మళ్ళీ దుమ్ములో నిలబడతాడు.

"ఆ గడ్డ నాది కాదే," అన్నాడు సైరన్. "నీ తమ్ముడిది."

మొత్తం కక్కేశాడు. ఆమె విన్నంతసేపూ గ్లాసు పట్టుకునే ఉంది. తర్వాత ఆ నీళ్ళు తీసుకెళ్ళి సింకులో పారబోసింది.

"నా తమ్ముడి ప్రాణం మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగారా?"

సమాధానం కోసం ఆగలేదు. మెట్ల కింద నిలబడి వీధి దద్దరిల్లేలా అరిచింది. "ఒరేయ్ సన్నాసీ! దిగు! ఆసుపత్రికి!"

"అక్కా, పనికి టైమవుతోంది..."

"అక్కడున్నది రాయేగా? దానికేం తొందర? దిగుతావా, నేనెక్కనా?"

దిగాడు.

ఆసుపత్రిలో అదే నర్సు. చెప్పిందంతా విని కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కేకలేస్తుందనుకున్నారు. మెల్లగానే మాట్లాడింది, అదే ఎక్కువ తగిలింది.

"మీరు చేసిన పని అర్థమవుతోందా? ఈయన గడ్డ మీ పేరు మీద ఉంది. మీ ఊపిరితిత్తులు ఎవరి పేరు మీదా లేవు. మీరు రాకుండా ఉండి ఉంటే ఈయన సంగతి?" తర్వాత సన్నాసి వైపు తిరిగింది. "అయినా మీరు సిగరెట్టు కాల్చరు. మీ పేరు మా జాబితాలోకే వచ్చేది కాదు. రాతి దుమ్ములో ఎన్నేళ్ళు?"

"ఇరవై ఎనిమిది."

నర్సు పెన్ను ఆగింది. "ఆ దుమ్ము కూడా క్యాన్సర్ తెస్తుంది. కానీ మా కాగితంలో దానికి గడి లేదు." గడి లేకపోతే ఏం, అంచున చేత్తో రాసుకుంది. ఇద్దరికీ కొత్త కాగితాలు తీసింది.

"నాకెందుకమ్మా, ముందు వీడిది కానీ," అన్నాడు సైరన్. పాత భయం ఇంకా పోలేదు.

సన్నాసికి మళ్ళీ స్కాన్ తీశారు. సూదితో చిన్న ముక్క తీశారు. పది రోజుల తర్వాత డాక్టరు కాగితం మీద ఊపిరితిత్తి బొమ్మ గీసి, పైభాగాన చుక్క పెట్టింది. "క్యాన్సరే," అంది. "కానీ చిన్నది. ఎక్కడికీ పాకలేదు. ఈ భాగం తీసేస్తాం. ఇంత ముందుగా దొరికితే నయమయ్యే అవకాశం బాగా ఎక్కువ."

"నేను ఒక్క సిగరెట్టు కూడా కాల్చలేదండీ," అన్నాడు సన్నాసి, తప్పు చేసినవాడిలా.

"కాల్చినా ఇదే వైద్యం చేసేవాళ్ళం. ఇందులో మీ తప్పేం లేదు."

డాక్టరు వెళ్ళాక నర్సు వెళ్ళలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. తినాలనిపించకపోతే ఏం చెయ్యాలో, పడుకుంటే భయమేస్తే ఎవరికి ఫోను చెయ్యాలో చెప్పి నంబరు రాసిచ్చింది. "భయం కూడా జబ్బులో భాగమేనండీ. దాచుకోకండి, చెప్పండి." సన్నాసి అప్పటిదాకా బిగబట్టుకున్నవాడు అక్క టేపు చివర పట్టుకుని ఏడ్చాడు.

ఈలోగా సన్నాసి సెలవు కాగితాల వల్ల మేనేజరుకి తెలిసిపోయింది. దొంగ కార్డుతో సెలవు తీసుకున్నారని ఇద్దరినీ పనిలోంచి తీసేస్తూ కాగితం అంటించాడు. సైరన్ గేటు దగ్గర ఒక పలకెక్కి నిలబడ్డాడు. ఉపన్యాసం ఏమీ రాదు అతనికి. "దొంగ కార్డు నాదే," అన్నాడు. "దాని పుణ్యమాని వాడు బతుకుతున్నాడు. దాచి ఉంటే చచ్చేవాడు. ఇంకెవరి దగ్గరైనా దొంగ కార్డుందా?"

"నా దగ్గరుంది," అంటూ క్రేను తోలేవాడు దిగొచ్చాడు. ఇంకొకడు. ఇంకొకడు. మధ్యాహ్నానికి మేనేజరు బల్ల మీద నలభై కార్డులు. గ్రైండర్లు ఆగాయి. ఆ షెడ్డులో మనుషుల గొంతులు మామూలుగా వినపడటం అదే మొదటిసారి. మూడో రోజుకి ఇద్దరి ఉద్యోగాలూ తిరిగొచ్చాయి, గొట్టాల్లో నీళ్ళొచ్చాయి. కాల్చినా కాల్చకపోయినా దుమ్ము తిన్న ప్రతివాడినీ చూడమని నలభై రెండు మందీ సంతకాలు పెట్టి ఆసుపత్రికి రాశారు. వచ్చే నెల బండి మళ్ళీ వస్తోంది. పది నిమిషాల కోత మాత్రం అలాగే ఉంది. దాని సంగతి దానికుంది.

ఆపరేషన్ అయ్యాక సన్నాసి చేతికి మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చారు. గొట్టంలోంచి ఊపిరి లాగితే బంతులు లేవాలి. మొదటిరోజు ఒక్కటీ కదల్లేదు. సైరన్ మంచం పక్కన కూర్చుని పందెం కాసినట్టు అరిచేవాడు. "లాగరా! లేస్తోంది! రెండోదీ లేస్తోంది!" పక్క మంచాలవాళ్ళు కూడా బంతులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. దగ్గితే కుట్లు నొప్పి పుడతాయి, దిండు గుండెకి హత్తుకుని దగ్గమంది నర్సు. "దగ్గడం నేను నేర్పిస్తానమ్మా, ఈ విద్యలో నా అంతవాడు లేడు," అన్నాడు సైరన్. సన్నాసి నవ్వాడు, నవ్వితే నొప్పి పుట్టింది, బావని తిట్టాడు.

చెయ్యి పైకెత్తలేడని అక్క ముందంతా తెరుచుకునే చొక్కాలు నాలుగు కుట్టింది. సైరన్‌కి నర్సు నికోటిన్ బిళ్ళలిచ్చి నమలమంది. పద్దెనిమిదో రోజు ఒక సిగరెట్టు కాల్చేశాడు. దొంగలా వచ్చి నర్సుకే చెప్పుకున్నాడు. "రేపటి నుంచి మళ్ళీ ఒకటో రోజు," అంది ఆమె.

ఏడో వారానికి సన్నాసి ఆసుపత్రి మెట్లు ఆగకుండా ఎక్కాడు. ఆ రోజు వచ్చింది తన కోసం కాదు. రెండుసార్లు తప్పించుకున్న బావ స్కాన్ కోసం. అక్క ముందు నడిచింది, వెనకనుంచి తమ్ముడు. మధ్యలో సైరన్, పారిపోయే దారి లేకుండా.

గది తలుపు దగ్గర సైరన్ ఆగిపోయాడు. "ఒరే, కాళ్ళు రావట్లేదురా."

"ఈసారి నావల్ల కాదు బావా," అన్నాడు సన్నాసి. "నాది ఒక ముక్క కోసేశారు. ఉన్నది నాకే చాలదు, నీకెక్కడ అప్పివ్వను?"

సైరన్‌కి నవ్వొచ్చింది. నవ్వుతోపాటు దగ్గొచ్చింది. దగ్గు తీరేదాకా బావమరిది వీపు మీద చెయ్యేసి నిలబడ్డాడు. తర్వాత ఆ చెయ్యే మెల్లగా ముందుకు తోసింది.

లోపల మిషను దగ్గరమ్మాయి కాగితం చూస్తూ అడిగింది. "మీ పేరు?"

సైరన్ తన సొంత పేరు చెప్పాడు. గట్టిగా చెప్పాడు, బయట వరండాలో కూర్చున్న ఇద్దరికీ వినపడేలా.