లూసీ తెచ్చిన కోట

అమెరికాలోని నోవై ఊళ్లో పర్సిస్, లూసీల పెరళ్ల మధ్య కంచె ఉండేది కాదు. ఆదివారం తెలుగు చర్చి నుంచి రాగానే పర్సిస్ వండిన చేపల పులుసు స్టీలు డబ్బాలో అటు వెళ్లేది. మర్నాడు లూసీ అందులో ఏదో ఒకటి పెట్టి ఇటు పంపేది. ఆరేళ్లలో ఆ డబ్బా ఏనాడూ ఖాళీగా తిరగలేదు.

ఈ వేసవికి రెండు కుటుంబాలూ కలిసి గ్రీసులో ఓ దీవికి టిక్కెట్లు బుక్ చేసుకున్నాయి. అక్కడ కొండ మీద పాడుబడ్డ కోట ఉంది. పర్సిస్ ఫోన్‌లో ఆ బురుజులన్నీ ముందే ఎక్కి దిగింది. తీరా, దేశం దాటితే తిరిగి రావడానికి కావాల్సిన వీసా స్టాంపింగ్ గొడవతో పర్సిస్ వాళ్ల ప్రయాణం ఆగిపోయింది. గ్రీన్‌కార్డున్న లూసీ వాళ్లు వెళ్లొచ్చారు.

వచ్చాక లూసీ దేవుడు ప్రయాణం చక్కగా జరిపించాడని చర్చిలో సాక్ష్యం చెప్పి, డబ్బాలో కోటగోడ రాయి ముక్క పెట్టి ఇచ్చింది. "నువ్వు రాలేకపోయావని కోటనే తెచ్చా," అంది.

పర్సిస్‌కి ఒళ్లు మండిపోయింది. రాయిని పెరట్లోకి విసిరేసింది. డబ్బా తిరిగి పంపలేదు.

తెల్లారేసరికి రెండు పెరళ్ల మధ్య ఒక వరస రాతిగోడ లేచింది. లూసీ వాట్సాప్‌లో ఫోటో పెట్టినప్పుడల్లా ఇంకో వరస లేచేది. కాలనీ అసోసియేషన్ మనిషి వచ్చి, రంగు మిగతా ఇళ్లకి నప్పింది కాబట్టి ఫర్వాలేదన్నాడు. గోడకి ఓ మూల మెట్లతో సహా బురుజు కూడా లేస్తే, పర్సిస్ భర్త జూడ్ దాని నీడలో మాంసం కాల్చుకునే గ్రిల్ పెట్టుకున్నాడు. లూసీ మొహం చూడక్కర్లేదని పర్సిస్ చర్చి కూడా మానేసింది. జూడ్ ఆమె పేరెత్తితే లేచి వెళ్లిపోయేది. ఆగస్టులో ఫోటోలు ఆగాయి, వరసలు మాత్రం ఆగలేదు. పర్సిస్ అది గమనించనేలేదు.

అక్టోబరులో ఒక ఉదయం అవతల ట్రక్కు చప్పుడైంది.

"లూసక్కకి జాబ్ పోయి రెండు నెలలైంది. ఇల్లు అమ్మేసి బెంటన్‌విల్ వెళ్తున్నారు," అన్నాడు జూడ్.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పనిచ్చావా?"

పర్సిస్ పొయ్యి మీది పులుసు డబ్బాలో పోసుకుని బురుజు మెట్లెక్కింది. కింద లూసీ ఒక్కతే నిలబడి ఉంది. పర్సిస్ చున్నీకి డబ్బా కట్టి, బైబిల్లో పౌలుని గోడ మీంచి గంపలో దించినట్టు కిందికి దించింది.

"కుళ్లుకున్నాను అక్కా. ఈ గోడంతా నా కుళ్లే," అంది.

లూసీ ముడి విప్పుతూ తలెత్తింది. "సగమే నీది. నా జాబ్ పోయాక, జూడ్ పొద్దున్నే ఆఫీస్‌కి వెళ్తుంటే చూళ్లేకపోయేదాన్ని. పై వరసలన్నీ నావి."

ట్రక్కుతో పాటు డబ్బా కూడా వెళ్లిపోయింది. మర్నాడు కొత్త వరస లేవలేదు. పర్సిస్ బురుజు మీద కూర్చుని బెంటన్‌విల్ ఎంత దూరమో ఫోన్‌లో చూసింది. పద్నాలుగు గంటల డ్రైవ్. దానికి స్టాంపింగ్ అక్కర్లేదు.