ముందు పలికిన డిస్కు

మామకు చిన్నల్లుడంటే లెక్కలేదు. కంప్యూటర్లు బాగుచేసే అల్లుణ్ణి "మా స్క్రూడ్రైవరు" అని నలుగురిలో పరిచయం చేసే పెద్దమనిషి. అలాంటివాడు పొద్దున్నే కంప్యూటరు చంకనెత్తుకుని అల్లుడి షాపుకు వచ్చాడంటే, పీకల మీదికి వచ్చిందన్నమాటే. తను పదకొండేళ్లుగా కమ్మరి, కుమ్మరి, వడ్రంగి మాటలన్నీ ఏరి రాస్తున్న నిఘంటువు అందులో ఉంది. డిస్కు కీచుమంటోంది. ఇంకో కాపీ లేదు. కాపీ పెట్టుకోండి మహాప్రభో అని అల్లుడు ఎన్నిసార్లు మొత్తుకున్నా, "నీలా మతిమరుపు మేళాన్నా నేను?" అని నవ్వినవాడే.

కాపీ కోసం ఒక సెకండ్ హ్యాండ్ డిస్కు మామే తెచ్చుకున్నాడు. అదే కంపెనీ, అదే సైజు.

"ఎవడి చెత్త ఉందో అందులో. ముందు శుభ్రంగా తుడిచెయ్," అన్నాడు.

అల్లుడు రెండు డిస్కులూ తగిలించి, షాపు పెన్ డ్రైవుతో మెషీను ఆన్ చేశాడు. మెషీను లేచేటప్పుడు ఏ డిస్కు ముందు పలికితే దానిదే ఒకటో నంబరు. పెద్దరికాలు అక్కడ చెల్లవు. మూలుగుతూ తిరిగే పాత డిస్కు ఈసారి ఆలస్యంగా పలికి రెండోదైంది. అల్లుడు సీరియల్ నంబరు చూసి సంగతి పట్టేశాడు. చెప్పబోయాడు కూడా.

"ఏంటా నసుగుడు? జరుగు!" మామ కీబోర్డు లాక్కున్నాడు. "నాది మొదట్నుంచీ ఒకటో నంబరే. రెండోది తుడవాలి, అంతేగా? ఈ మాత్రం దానికి షాపొకటి! మా అమ్మాయి గొంతు కోశాన్రా నీకిచ్చి."

అల్లుడికి అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పబోయిన మాట మింగేశాడు. కానియ్, నీ ఖర్మ, అనుకున్నాడు.

మామ నొక్కాడు. నిజంగానే తుడవమంటారా అని మెషీను అడిగితే మళ్లీ నొక్కాడు.

రెండు శాతం. ఇప్పుడు వైరు పీకితే దాదాపు అంతా దక్కుతుంది. వైరు జానెడు దూరంలో ఉంది. మామ మాత్రం పెద్దల్లుడి ఉద్యోగం గురించి ఎత్తుకున్నాడు. ఇరవై శాతానికి పెద్దల్లుడి ఇల్లు వచ్చింది, అరవైకి అతని కారు. అల్లుడు చేతులు కట్టుకుని బుద్ధిగా విన్నాడు. అయ్యో అని ఒక్కసారి అనిపించింది, తొంభై దగ్గర. అప్పటికి మధ్యాహ్నమైంది.

నూరు నిండాక మామ మిగిలిన డిస్కు తెరిచాడు. అందులో ఎవరివో సినిమాలున్నాయి.

"నా పుస్తకం ఏదయ్యా?"

"తుడిచేశారు మావయ్యగారూ. ఈసారి మీదే రెండోది."

మామ అల్లుడి వైపు తిరిగాడు. "మధ్యలో ఆపే వీలుండేదా, నాయనా?" పెళ్లయినప్పట్నుంచీ ఎన్నడూ నాయనా అన్నవాడు కాదు.

"ఎందుకుండదు? మీరు మీ పెద్దల్లుడి కారు గురించి చెప్తున్నప్పుడు కూడా కొంత దక్కేది."

మామ బల్ల మీద తల వాల్చి ఏడ్చాడు. అల్లుడు కుర్చీ లాక్కుని, ఎదురుగా కూర్చుని చూశాడు.