నాలుగో స్క్రూ

ఆ దుకాణంలోకి ఏ కంప్యూటర్ వచ్చినా ముందు మూత తీయరు. ముందు ఎత్తి చూస్తారు. రెండు చేతులూ అడుగున పెట్టి, గుండె దాకా లేపి, ఒక్క క్షణం ఆపి, మళ్లీ బల్ల మీద దించుతారు. ఆగిపోయిన యంత్రం బరువెక్కుతుందన్న సంగతి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? దానికోసం ఎందరు ఎదురుచూస్తుంటే అంత బరువు. ఒంటరి గుమస్తాదైతే చంకన పెట్టుకుని పోవచ్చు. బడి ఆఫీసుదైతే ఇద్దరు పట్టాలి. ఫలితాల రోజున ఆగిపోయిన కాలేజీ కంప్యూటర్‌ను ఒకసారి తోపుడుబండి మీద తెస్తుంటే దారిలో ఇరుసే విరిగింది.

"ముందు బరువు చూడవే. ఎవరి పని చేస్తున్నావో తెలుస్తుంది. స్క్రూడ్రైవర్ తర్వాత పట్టు" అని మేనకోడలికి నేర్పాడు మామయ్య.

ఆ దుకాణం పెట్టింది మామయ్యే. నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఒళ్లంతా దోచుకుపోతూ, కుడిచేతి బొటనవేలొక్కటి మరిచిపోయి వదిలేసింది. దేవుడు అన్నీ తీసుకున్నా ఏదో ఒక కొస మన చేతికి విడుస్తాడంటారు, నిజమే. ఆ బొటనవేలి కింద మేనకోడలు ఒక బటన్ అమర్చింది. కంప్యూటర్ తెర మీద అక్షరాలు ఒకదాని వెనక ఒకటి నడుస్తుంటాయి. కావలసింది రాగానే ఆయన టక్కున నొక్కుతాడు. మాట పూర్తయ్యాక యంత్రం పైకి చదువుతుంది. గొంతు రైల్వే స్టేషన్‌లో ప్రకటనలాగే ఉంటుంది. తిట్లు మాత్రం అచ్చంగా మామయ్యవే.

"మొద్దూ. కాఫీలో. చక్కెర. ఏదీ."

"డాక్టరు వద్దన్నాడు."

"డాక్టరు. తాగుతాడా. నేను. తాగుతానా."

ఇలా సాగిపోతున్న రోజుల్లో పెద్దాసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. క్యాన్సర్ రోగులకు కిరణాలు పెట్టే యంత్రాన్ని నడిపించే కంప్యూటర్ ఆగిపోయింది. దుకాణానికి పంపుదామని నలుగురు వార్డు మనుషులు పట్టినా కదల్లేదు. సాయంత్రానికి దాని బల్ల కాళ్లు నేల పలకల్లోకి బెత్తెడు దిగబడ్డాయి.

మేనకోడలు వెళ్లి, అలవాటు చొప్పున రెండు చేతులూ అడుగున పెట్టింది. వీసమెత్తు కూడా లేవలేదు.

"ఎందరు సార్?" అని అడిగింది.

"నలభై ఒక్కరమ్మా" అన్నాడు టెక్నీషియన్.

అది ఉన్నచోటే మూత తీసింది. మీట నొక్కితే మూడు పొడుగాటి కూతలు. అంటే మదర్‌బోర్డుకి మెమరీ కనబడటం లేదని. కరెంటు పోటెత్తి ర్యామ్ స్టిక్‌లు రెండూ మాడిపోయాయి. సంచిలోంచి పాత స్టిక్‌లు పదకొండు తీసింది. వాటి అంచులు రబ్బరుతో తుడిచి ఒక్కొక్కటే గుచ్చి చూసింది. కొన్నిటికి గాడి వేరేచోట ఉంది, దిగనే దిగలేదు. కొన్ని దిగాయి గానీ కూతలు ఆగలేదు. ఒక జత దిగింది, కూతలు ఆగాయి, ఆపరేటింగ్ సిస్టమ్ సగం దాకా తెరుచుకుంది. "హమ్మయ్య" అనేలోగా తెర నీలంగా మారిపోయింది.

బయట బల్ల మీద మందుల ఫైలు ఒళ్లో పెట్టుకున్న ఒక దర్జీ ఆవిడ తలుపు సందులోంచి తొంగిచూస్తోంది.

"ఏం అమ్మాయ్, కొలతలు కుదరటం లేదా?"

"కుదరటం లేదండీ."

"కొత్త గుడ్డ తెచ్చి కొత్తగా కుట్టేయరాదూ?"

టెక్నీషియన్ కూడా అదే మాట అన్నాడు. మేనకోడలు నుదురు తుడుచుకుంది. "కొత్త బోర్డు పెడితే కొత్త ర్యామ్ దొరుకుతుంది సార్. కానీ కొత్త బోర్డు మీద మీ పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కదు. కొత్తది ఎక్కిస్తే మీ కిరణాల ప్రోగ్రామ్ నడవదు. ఆ ప్రోగ్రామ్ రాసిన కంపెనీ మూతబడి తొమ్మిదేళ్లయింది. కాబట్టి పాత సిస్టమే కావాలి, దానికి ఈ పాత బోర్డే కావాలి, దీనికి సరిగ్గా ఈ రకం ర్యామే కావాలి. ఒక్కటి చాలదు, జత కావాలి. తెప్పించడానికి ఆరు వారాలు పడుతుంది."

"ఆరు వారాలు!" అంది దర్జీ ఆవిడ. "నేను జాకెట్టుకి కూడా అంత గడువు చెప్పలేదమ్మా."

నవ్వింది గానీ ఎవరూ కలిసి నవ్వలేదు.

మర్నాడు పొద్దున మేనకోడలు వచ్చి మళ్లీ చేతులు పెట్టింది. ఒక మూల, గోరు మందాన లేచింది.

అయ్యా, బాగుచేయని యంత్రం తేలికపడటం కంటే పాడు శకునం లేదు. టెక్నీషియన్ కిటికీ వైపు తిరిగాడు. బయట బల్ల మీద దర్జీ ఆవిడ కూర్చున్న చోటు ఖాళీగా ఉంది.

"నలభైమంది" అన్నాడాయన.

ఆ రకం ర్యామ్ జత ఇంకొకటి ఎక్కడుందో మేనకోడలికి తెలుసు. నిన్నటి నుంచీ తెలుసు. మామయ్య ఆ బోర్డులు రెండు ఒకేరోజు కొన్నాడు, కవలల్లాగా. ఒకటి ఆసుపత్రికి అమర్చాడు. రెండోది ఇంట్లో ఆయన గొంతై కూర్చుంది. దాని ప్రోగ్రామ్‌దీ అదే మొండితనం, పాత సిస్టమ్ తప్ప ఎక్కదు.

ఇంటికొచ్చి ఆయన చక్రాల కుర్చీ ముందు కూలబడింది. ఆమె మొహం చూసి ఆయనే నొక్కడం మొదలుపెట్టాడు.

"ఆసుపత్రి. బరువెంత."

"నలభై ఒకటి ఉండేది. ఇవాళ నలభై."

బొటనవేలు మళ్లీ కదిలింది. మెల్లగా, ఒక్కొక్క అక్షరమే.

"ముందు. మెషీన్. ఆపు. తర్వాతే. పీకు. మొద్దూ."

"ఆరు వారాలే మామయ్యా. కొత్తవి వచ్చిన రోజే పెట్టేస్తాను."

"ఆరు వారాలు. నీకు. ప్రశాంతం."

మీట నొక్కి మెషీన్ ఆపింది. ఇంట్లో ఆ నిశ్శబ్దం ఎలా పరుచుకుందంటే గోడ గడియారం కూడా సిగ్గుపడింది. కుర్చీ చేతికి బిగించిన పలక మీదే కంప్యూటర్‌ను వంచి మూత తీసింది. ర్యామ్‌కు అడ్డంగా ఫ్యాన్ ఉంది. దాన్ని పట్టి ఉంచిన మొనదేలిన స్క్రూలు నాలుగు విప్పి, జత తీసుకుని, ఫ్యాన్ మళ్లీ బిగించింది. బిగించేటప్పుడు మూడే ఉన్నాయి. కుర్చీ కింద చూసింది, లేదు. ఇంతలో ఆసుపత్రి నుంచి ఫోన్ మోగింది. ఈ పనిలో ఉన్నవాళ్లెవరినైనా అడగండి, మూత మూశాక ఒక స్క్రూ మిగలడమో తగ్గడమో మామూలే. మూడు చాలులే అనుకుని పరుగెత్తింది.

ఆ మధ్యాహ్నమే కిరణాల గది తెరుచుకుంది. కంప్యూటర్‌ను ఒంటిచేత్తో పక్కకి జరిపాడు టెక్నీషియన్. కానీ ఆ ముసలి బోర్డును నమ్మడానికి లేదు. వారం పైన మేనకోడలు పొద్దంతా దాని పక్కనే కూర్చుంది. పగలు మామయ్యను చూసుకునే భారం పక్కింటి డ్రైవరు బాబాయి తీసుకున్నాడు. పాతికేళ్లు బస్సు నడిపి చెవులు రెండూ ఇంజనుకే సమర్పించుకున్న మనిషి. తుడిచేవాడు, తినిపించేవాడు, కేకలేసి కబుర్లు చెప్పేవాడు. తొడ వెనక ఎర్రగా కందితే "కూర్చుని కూర్చుని ఒరిసిపోయిందిలే" అని పౌడరు అద్దాడు.

సాయంత్రం మేనకోడలు వచ్చేసరికి మామయ్య బొటనవేలు ప్రాణంలేని బటన్‌ను నొక్కుతూనే ఉండేది. టక్ టక్ టక్.

"తెలుసులే, ఒక స్క్రూ తగ్గింది. తిట్టుకో, ఎంతైనా తిట్టుకో" అని నవ్వేది ఆమె.

టక్ టక్ టక్ టక్.

"అబ్బ! కొత్తవి వచ్చాక అన్నీ కలిపి తిడుదువుగాని" అని పడుకునేది.

రోజూ పొద్దున వెళ్లేముందు ఆయన కంప్యూటర్‌ను ఒకసారి ఎత్తి చూసేది. ఇద్దరు మనుషుల ఎదురుచూపు, తనదీ ఆయనదీ. రెండు బిందెలు ఎత్తినట్టుండేది. ఆ బరువు చూసుకుని ధైర్యంగా వెళ్లేది.

పదకొండో రోజు పొద్దున ఎత్తబోతే సగమే ఉంది. ఒక్క బిందె.

ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగితే ఏం కనబడుతుందోనని, ఆ బరువు గుండెకి ఆన్చుకుని, తెలిసిన ప్రార్థనలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిపేసి గొణుక్కుంటూ అలాగే నిలబడింది. తర్వాత తిరిగింది.

మామయ్య బతికే ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. గోడకేసి చూస్తున్నాడు. బొటనవేలు మాత్రం బటన్ మీంచి జారి పక్కన పడి ఉంది. ఎదురుచూడటం మానేశాడు.

కంప్యూటర్ ఎక్కడ దించిందో ఆమెకే తెలియదు. మోకాళ్ల మీద పడి ఆ వేలు తీసి మళ్లీ బటన్ మీద పెట్టింది. "ఏం చెప్పాలి మామయ్యా? ఏం చెప్పాలనుకున్నావు?" అని ఏడుస్తూ బోర్డుకేసి, తెరకేసి, వైర్లకేసి చూసింది. ఇన్నేళ్ల పనిలో యంత్రం మాట్లాడకపోతే దానికి సరిపోయే ముక్క కోసం వెతకడమే నేర్చుకుంది. అక్షరాలు తెర మీదే నడవాలా? తన నోరు లేదూ?

"క" అంది. "ఖ. గ. ఘ." ఒక్కొక్కటే, చిన్నప్పుడు బళ్లో అప్పజెప్పినట్టు. వేలు కదల్లేదు. "చ. ఛ. జ." త దాటింది, ప దాటింది, య ర ల వ దాటింది. "శ. ష. స."

టక్.

మళ్లీ మొదటి నుంచి. "క." టక్. మళ్లీ మొదటి నుంచి. "ర." టక్.

"స, క, ర… స్క్రూనా?"

టక్.

ఏడుపులోనే నవ్వొచ్చిందామెకు. "పదకొండు రోజుల తర్వాత కూడా దానిగురించేనా? ఇంత పట్టుదలేంటి మామయ్యా…" అంటూ మొహం తుడుచుకోబోయి, ఆయన కళ్లు చూసి ఆగిపోయింది. "ఇంకా ఉందా? క." టక్. "క, ఖ, గ…" ద దగ్గర టక్.

"క, ద… కింద? స్క్రూ కిందా? ఎక్కడ కింద? నీ కిందా?"

టక్.

"బాబాయ్!" అన్న ఆ కేక డ్రైవరు బాబాయి చెవులకు కూడా వినబడింది. ఇద్దరూ కలిసి ఆయన్ను ఎత్తారు. కుర్చీలో వేసిన దిండు కుట్టు సందులో ఇరుక్కుని, మొన పైకి పెట్టి, ఎవరైనా కూర్చుంటేనే గుచ్చుకునేలా, నాలుగో స్క్రూ.

తొడ వెనక కందింది ఒరుపు కాదు. లోపల చీము గూడు కట్టింది. డాక్టరు కోసి శుభ్రం చేసి, ఇంకో రెండు రోజులు ఊరుకుని ఉంటే విషం రక్తంలో కలిసేదన్నాడు. నెల్లాళ్లు బోర్లా పడుకోబెట్టాలన్నాడు. బతుకుతాడని కూడా అన్నాడు, కానీ ఆ మాట అన్నిటికంటే చివర అన్నాడు.

మర్నాడు పొద్దున మేనకోడలు ఆ స్క్రూను వేడినీళ్లలో కడిగి, తుడిచి, ఫ్యాన్ నాలుగో మూలలో బిగించింది. తర్వాత రెండు చేతులూ కంప్యూటర్ అడుగున పెట్టి ఎత్తబోయింది.

లేవలేదు.

ఊపిరి బిగించి మళ్లీ ప్రయత్నించింది. రెండు బిందెలు కాదు, మూడు. ఆమె మంచం వైపు చూసింది. మామయ్య బోర్లా పడుకుని, ఒక చెంప దిండుకి ఆన్చి, బొటనవేలితో మంచం పట్టెను మెల్లగా కొడుతున్నాడు. టక్. టక్.

మరి మూడోది?

గుమ్మంలో డ్రైవరు బాబాయి నిలబడి ఉన్నాడు, చేతిలో పౌడరు డబ్బా, కిందికి చూస్తూ.

"నన్నేం తిడతాడో వినాలి కదమ్మా" అన్నాడు.