చూడని మనిషి మీద సాక్ష్యం

అక్టోబరు రెండో శనివారం తెల్లవారుతుండగా రోవీనా తన అన్న హార్లన్‌ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని యెల్లోస్టోన్ పార్కు ఉత్తర ద్వారం దాటింది. ఇద్దరి మధ్యా కాఫీ ఫ్లాస్కు, హామ్ సాండ్‌విచ్‌ల పొట్లం, ఆమె టెలిస్కోపు ఉన్నాయి. ఇద్దరూ ఆ పార్కు పక్కనే పుట్టి పెరిగారు. అయినా కలిసి లోపలికి వెళ్ళి ముప్ఫై ఏళ్ళు దాటింది.

వెళదామని అడిగింది హార్లనే. అతనికి అరవై ఎనిమిదేళ్ళు. రెండు కళ్ళలోనూ నడిమి చూపు మాసిపోతోందని, వచ్చే ఏడాది ఈ వేళకి మనుషుల మొహాలు పోల్చుకోలేడని బిల్లింగ్స్‌లో డాక్టరు చెప్పాడు. "చూపు పోయేలోగా నీ తోడేళ్ళని ఒకసారి చూపించు," అని చెల్లెలికి ఫోన్ చేశాడు. ఆ మాట రోవీనా ఒక పట్టాన నమ్మలేకపోయింది. పద్దెనిమిదేళ్ళుగా ఆమె పార్కులో తోడేళ్ళను లెక్కపెట్టే బృందంలో పనిచేస్తోంది. తోడేళ్ళ ఊసెత్తితే చాలు, హార్లన్ భోజనం మధ్యలో లేచిపోయేవాడు. అతనివి పశువులు. మేతభూములు పార్కు సరిహద్దుకి ఆనుకుని ఉన్నాయి. ఒక్క వసంతంలో తొమ్మిది దూడలు పోయాయి.

టవర్ మలుపు దాటాక బైసన్ దున్నల మంద రోడ్డుకి అడ్డంగా నడుస్తోంది. వీపుల మీద పొగమంచు గడ్డకట్టి తెల్లగా ఉంది. రోవీనా ఇంజను ఆపింది. వెనక ఎవరో హారన్ కొట్టారు.

"టెక్సాస్ బండి అయుంటుంది," అన్నాడు హార్లన్.

"నంబరు కనిపిస్తోందా నీకు?"

"నంబరెందుకు? దున్నపోతుని దారి అడుగుతున్నాడు చూడు, చాలదూ?"

రోవీనా నవ్వింది. అతనూ నవ్వాడుగాని, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మంద కదిలేదాకా ఒళ్ళో పెట్టుకున్న టోపీ అంచుని వేళ్ళతో తిప్పుతూనే ఉన్నాడు.

లామార్ లోయలో సూర్యుడు ఇంకా కొండ దాటలేదు. నది అవతలి గట్టున చచ్చిపడిన ఎల్క్ దుప్పి చుట్టూ ఏడు తోడేళ్ళున్నాయి. రోవీనా టెలిస్కోపు బిగించి అతన్ని దగ్గరికి పిలిచింది.

"నేరుగా చూడకు. కొంచెం పక్కకి చూడు. అప్పుడు అంచున కనిపిస్తుంది."

హార్లన్ తల వంచి చాలాసేపు చూశాడు. పిల్లలు తింటున్నాయి. మూతి నెరిసిన ఒక ఆడతోడేలు మాత్రం కాస్త ఎడంగా కూర్చుని కొండవైపు చూస్తోంది.

"ఆ ముసల్ది తినదేం?"

"దాని తిండి అయిపోయింది. పిల్లలకి కాపలా కాస్తోంది."

"అప్పుడు చచ్చిపోయిందే... దానికిదేమవుతుంది?"

ఏ తోడేలు సంగతి అడుగుతున్నాడో రోవీనాకి వెంటనే తెలిసింది. "మనవరాలు," అంది.

హార్లన్ టెలిస్కోపు వదిలి వెనక్కి జరిగాడు. ఆ తర్వాత ఇంక చూడనన్నాడు.

పదమూడేళ్ళ కిందట, తోడేలును చంపడం నేరంగా ఉన్న రోజుల్లో, ఆ గుంపు తల్లి తోడేలు పార్కు సరిహద్దు బయట వాగులో చచ్చి కనిపించింది. ఎవరో తుపాకితో కాల్చి, అది ఎక్కడుందో తెలియడానికి బృందం దాని మెడకి కట్టిన రేడియో పట్టీని కోసి తీసేశారు. ఆ వాగుకి ఒక పక్క హార్లన్ భూమి, రెండో పక్క క్లైడ్ పెట్రిక్ భూమి. క్లైడ్ వేటగాళ్ళను గుర్రాల మీద కొండల్లోకి తీసుకెళ్ళి బతికేవాడు. ఆ తెల్లవారుజామున గట్టుదారిలో క్లైడ్ ట్రక్కు నడపడం చూశానని రోవీనా కోర్టులో సాక్ష్యం చెప్పింది. క్లైడ్ వేట లైసెన్సు రద్దయింది. వేటగాళ్ళు రావడం మానేశారు. గుర్రాలు అమ్మాడు, తర్వాత భూమి అమ్మాడు. ఇప్పుడు పార్కు ఉత్తర ద్వారం దగ్గరి గార్డినర్ ఊళ్ళో ఒక రేకుల షెడ్డులో టైర్లు బాగుచేస్తున్నాడు. భార్య మావిస్ పోయి తొమ్మిదేళ్ళయింది.

మధ్యాహ్నానికి నోరిస్ చేరుకున్నారు. అక్కడ నేల సున్నం పోసినట్టు తెల్లగా ఉంటుంది. గంధకం వాసన, ఎక్కడ చూసినా ఆవిరి. చెక్కబాట చివర ఒక వేడినీటి బుగ్గ ముందు బల్ల మీద కూర్చున్నారు. ఆ బుగ్గకి వేళంటూ లేదు. ఒక్కోసారి గంటకే ఎగజిమ్ముతుంది, ఒక్కోసారి రోజంతా ఉలకదు. చుట్టూ పదిమంది దాకా సందర్శకులు కెమెరాలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

సాండ్‌విచ్ సగం తిని హార్లన్ మిగతాది కాగితంలో చుట్టేశాడు.

"రో, అది క్లైడ్ పని కాదు," అన్నాడు.

"ఏది?"

"ఆ తోడేలు. చంపింది నేను."

రోవీనా అతనివైపు తిరగలేదు. బుగ్గలో నీళ్ళు కళపెళమంటున్నాయి.

"దూడ మీద పడిందా?" అని అడిగింది చివరికి.

"లేదు. వాగు దాటుతోంది, అంతే. తుపాకి ట్రక్కులో ఉంది. తొమ్మిది దూడలూ కళ్ళముందు మెదిలాయి. కాల్చేశా. పట్టీ కోసి నదిలో పారేశా."

"మరి క్లైడ్‌ని కోర్టుకి లాగినప్పుడు?"

"మొదట్లో భయం. తర్వాత సిగ్గు. తీర్పు వచ్చేశాక ఇంక ఏ మొహం పెట్టుకుని చెప్పను అనుకున్నా. ఆ పైన అలవాటైపోయింది రో. దారిలో అతను ఎదురైతే చెయ్యి ఊపేవాణ్ణి కూడా."

నేల అడుగున ఏదో బరువైనది పడ్డట్టు చప్పుడైంది. బుగ్గ లేచింది. జనం వెనక్కి తగ్గి తలలు పైకెత్తారు. ఆవిరి గాలికి ఇటు మళ్ళి అన్నాచెల్లెళ్ళను ముంచేసింది. రోవీనా కళ్ళద్దాలు తడిసిపోయాయి. ఆవిరి విడిపోయేసరికి నీళ్ళు మళ్ళీ గుంటలోకి దిగిపోతున్నాయి.

"ఎంతెత్తు లేచింది?" అన్నాడు హార్లన్.

"చూళ్ళేదు," అంది రోవీనా. లేచి బండివైపు నడిచింది. చెక్కబాట మెట్ల దగ్గర మాత్రం ఆగి, అతని మోచెయ్యి పట్టుకుని దింపింది.

బండి కదిలాక, "గార్డినర్‌లో ఆగుతున్నాం," అంది.

"సోమవారం, మొదట లాయరుతో మాట్లాడి..."

"పదమూడేళ్ళలో నీకెన్ని సోమవారాలొచ్చాయి హార్లన్?"

కొండదారి దిగుతూ ఆమె ఉన్నట్టుండి రోడ్డు పక్కకి తీసి బండి ఆపింది. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచింది.

"నేనూ ఒకటి చెప్పాలి. ఆ రోజు నేను చూసింది క్లైడ్ ట్రక్కుని మాత్రమే. అద్దాల నిండా మంచు. లోపల ఎవరున్నారో కనిపించలేదు. కోర్టులో 'క్లైడ్‌ని చూశారా' అని అడిగితే, 'చూశాను' అన్నా."

హార్లన్ ఆమెవైపు తల తిప్పాడు.

"దానికి మత్తిచ్చి పట్టీ వేసిన రోజు దాని తల నా ఒళ్ళోనే ఉంది," అంది రోవీనా. "అది చచ్చిపోయాక ఎవరో ఒకరికి శిక్ష పడాలనిపించింది నాకు. ఎవరికన్నది అంతగా ఆలోచించలేదు."

హార్లన్, "అయితే ఇద్దరం చెప్పాల్సిందే," అన్నాడు.

వాళ్ళు షెడ్డు ముందు ఆగేసరికి నాలుగున్నర. క్లైడ్ ఒక లారీ టైరుని ఇనప కడ్డీతో ఊడదీస్తున్నాడు. సన్నగా, పొడుగ్గా, నడుం కాస్త వంగిన మనిషి.

"టైరా?" అన్నాడు తలెత్తకుండా.

"కాదు క్లైడ్," అని హార్లన్ టోపీ తీశాడు. నిలబడే అంతా చెప్పాడు. ఏదీ దాచలేదు, ఏదీ మెత్తగా చెయ్యలేదు. తర్వాత రోవీనా తన మాట చెప్పింది. క్లైడ్ కడ్డీ కింద పెట్టి, గుడ్డతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"ట్రక్కులో ఉన్నది నేనే," అన్నాడు రోవీనాతో. "గుర్రం తప్పిపోతే వెతుక్కుంటున్నా. కోర్టులో అదే చెప్పా. నమ్మినవాడు లేడు. నువ్వు అబద్ధమాడావుగాని, చిత్రం, అది నిజమే అయి కూర్చుంది."

తర్వాత హార్లన్‌వైపు తిరిగాడు.

"లైసెన్సు పోతే పోయింది. గుర్రాలు పోయాయి, సరే. మావిస్ ఎప్పుడూ నన్ను నమ్ముతున్నాననే అనేది. ఆఖరి వారంలో ఒకరోజు చెయ్యి పట్టుకుని, 'నాతో చెప్పచ్చు క్లైడ్, నేనేమీ అనుకోను' అంది. అంటే కేసు తర్వాత నాలుగేళ్ళూ నమ్మలేదన్నమాట. నేను చెయ్యలేదని మళ్ళీ చెప్పా. తలూపింది. ఏమనుకుని పోయిందో నాకు తెలీదు. దీనికేం చేస్తావు చెప్పు?"

హార్లన్ టోపీ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

క్లైడ్ ముందుగదివైపు తిరిగి, "లినెట్," అని పిలిచాడు. ముప్ఫై ఏళ్ళ ఆడమనిషి చేతిలో కలంతో వచ్చింది. వచ్చినవాళ్ళను చూడగానే ఆమె మొహం బిగుసుకుంది.

"మా అమ్మాయి ముందు మళ్ళీ చెప్పండి. మొదట్నుంచీ," అన్నాడు క్లైడ్.

మళ్ళీ చెప్పారు. మొదటిసారికంటే రెండోసారి కష్టమైంది. అంతా విని లినెట్ వాళ్ళవైపు చూడనైనా చూడలేదు, తండ్రివైపు తిరిగింది.

"గుర్రం నిజంగానే తప్పిపోయిందా నాన్నా?"

క్లైడ్ ఆమెవంక చాలాసేపు చూశాడు. "నిజంగానే," అన్నాడు. తర్వాత అన్నాచెల్లెళ్ళతో, "ఇంక వెళ్ళండి. సోమవారం కోర్టుకి ఇదంతా కాగితం మీద రాసివ్వండి," అని కడ్డీ అందుకున్నాడు.

రాసిచ్చారు. హార్లన్‌కి జరిమానా పడింది. ఇంత కాలం నోరు మూసుకున్నందుకు జడ్జి గట్టిగా మందలించాడు. అతను తల వంచుకుని విన్నాడు. రోవీనా తోడేళ్ళ బృందంలోంచి తనే తప్పుకుంది. వద్దని ఎవరూ బతిమాలలేదు. పద్దెనిమిదేళ్ళ నోటుపుస్తకాలు రెండు అట్టపెట్టెల్లో సర్ది అప్పగించి వచ్చింది. క్లైడ్‌ని నిర్దోషిగా తేలుస్తూ మార్చిలో ఉత్తర్వు వచ్చింది, లైసెన్సు కూడా తిరిగొచ్చింది. కానీ అప్పటికి అతనికి అరవై తొమ్మిది, గుర్రాలు లేవు. వేటగాళ్ళను మళ్ళీ తీసుకెళ్ళలేదు. ఆ శరదృతువులో మాత్రం కూతురితో కొండెక్కి, తన ఇంటికోసం ఒక్క ఎల్క్‌ని కొట్టాడు.

అప్పటికి హార్లన్ పశువుల్ని అమ్మేసి చెల్లెలి దగ్గరే ఉంటున్నాడు. నవంబరులో ఒక మధ్యాహ్నం లినెట్ వాళ్ళ గుమ్మం ముందు నిలబడి, కాగితంలో చుట్టిన మాంసం పొట్లం రోవీనాకి అందించింది.

"నాన్న పంపలేదు. నేనే తెచ్చా."

"లోపలికి రా," అంది రోవీనా.

"వద్దు. ఇంజను ఆపకుండా వచ్చా." మెట్లు దిగుతూ ఒక్క క్షణం ఆగింది. ఇంకేదో అనబోయి మానేసి వెళ్ళిపోయింది.

రోవీనా ఆ మాంసాన్ని ఉల్లిపాయలతో సన్నసెగ మీద వండింది. హార్లన్ రెండు ముక్కలు తిని, "ఎల్క్ కదూ? ఎవరు కొట్టింది?" అని అడిగాడు.

"క్లైడ్."

హార్లన్ ఫోర్కు కింద పెట్టేశాడు. చాలాసేపటికి అతను బల్ల మీద చేత్తో తడుముకుని, ఫోర్కు వెతికి తీసుకున్నాడు.