తెర మీద ఎర్ర పేరు

స్టూలెక్కి టీవీ మీది నూగు తుడుస్తోంది మెరెసేని. చొక్కాల ఫ్యాక్టరీలో దూది నూగు చేరని చోటు లేదు. ముక్కుల్లో, టీ కప్పుల్లో, రొట్టె మడతల్లో, తెర మీదైతే మరీనూ. ఎడమ చేత్తోనే తుడుస్తుంది. కుడి మణికట్టు ఏళ్ళ తరబడి కాలర్లు కుట్టి మొద్దుబారింది, అందుకే ఇప్పుడు కుట్టుపని మాని లెక్కలూ తెరా చూసుకుంటోంది. గుబురుగా నెరిసిన జుట్టు, భారీ మనిషి, ఆమె ఎక్కినప్పుడల్లా స్టూలు మూలుగుతుంది.

తెర తన పాటికి తాను తిరుగుతోంది. ముందు ప్రార్థన వాక్యం. తర్వాత నిప్పంటుకుంటే పారిపోవలసిన తలుపు బొమ్మ. తర్వాత ఈ వారం పుట్టినరోజులు. ఆ తర్వాత కుట్టేవాళ్ళ పేర్లు, ఎక్కువ కుట్టినవాళ్ళు పైన, తక్కువ కుట్టినవాళ్ళు కింద. అందరికన్నా కింద మిగిలిన ఒక్క పేరూ దానంతటదే ఎర్రబడుతుంది. శుక్రవారం సాయంత్రం గంట కొట్టేసరికి ఎవరి పేరు ఎర్రగా ఉంటే వాళ్ళు ఇక సోమవారం రానక్కర్లేదు. మేనేజరు రొనీల్ పెట్టిన రూలది. ఇవాళ శుక్రవారం. ఎరుపులో ఉన్నది వాసెమాదా.

వాసెమాదాని అందరూ బూబూ అంటారు, అవ్వ అని. ఈ దీవుల రాజధాని సువాలో ఈ షెడ్డు లేచిన ఏడు నుంచీ అదే కిటికీ పక్కన, అదే మిషను మీద వంగి ఉంది. కుట్టు ఇప్పటికీ చీమల బారులా వస్తుంది. కాకపోతే ఆ చీమలు కాస్త నెమ్మదిగా నడుస్తాయి. ఇంట్లో మంచానపడ్డ మొగుడు, కూతురు వదిలిపోయిన పిల్లలు. ఈ పని పోతే ఆ వయసులో మరో పనిచ్చే ధర్మాత్ముడు సువాలో ఇంకా పుట్టలేదు.

పోయిన వారం దాకా ఈ ఎరుపు భయం లేదు. టీ గంటకీ, అన్నం గంటకీ మెరెసేని వరుసల వెంట తిరిగి, ఎవరి పెట్టెలో ఎన్ని చొక్కాలుంటే అన్నీ కంప్యూటర్లో వేసేది. ఆమె లేచిందంటే చాలు, "కెరెకెరె" అని గుసగుసలు మొదలయ్యేవి. లేనివాళ్ళు ఆ మాట అన్నాక ఉన్నవాళ్ళు కాదనకూడదు. అది ఈ దీవుల్లో తాతల నాటి మర్యాద. పొగాకు అడిగినట్టే, ఉప్పు అడిగినట్టే, చొక్కాలు అడిగేవాళ్ళు. కట్టలు పెట్టెలు మారేవి. మెరెసేని కంటికి కనిపించిందే రాసేది, అందులో అబద్ధం లేదు. అందరి అంకె ఒకటే అయ్యేది, ఎరుపెక్కడానికి కింద ఎవరూ మిగిలేవారు కాదు.

"ఇంతమందీ ఒకే లెక్క ఎలా కుడతారు? కవలపిల్లలా?" అని రొనీల్ ఒకనాడు తల గోక్కున్నాడు. మర్నాటికి మిషను మిషనుకీ లెక్కపెట్టే పరికరం దిగింది. "ఆంటీ, తిరిగి తిరిగి మీ మోకాళ్ళు అరుగుతున్నాయి. ఆ లెక్క తిన్నగా తెర మీదికి వెళ్ళేలా కలిపేయండి. మనిషి చెయ్యే పడక్కర్లేకుండా," అన్నాడు, ఎంతో దయగా. చర్చిలో కీర్తనలు గోడ మీద చూపించేది మెరెసేనే కదా, ఈ పని ఆమెకో లెక్క కాదు. కలిపేసింది. మోకాళ్ళకి విశ్రాంతి దొరికిందని నిమ్మాకు టీ కూడా పెట్టుకు తాగింది. కొరివితో తల గోక్కోవడమంటే అదే. ఆ టీ గుర్తొస్తే ఇప్పుడు ఆమెకి తన మీద తనకే ఒళ్ళు మండుతోంది.

అన్నం గంటలో లితియా ఒక కట్ట తెచ్చి బూబూ పెట్టెలో పడేసింది. ఆ వరుసలో చెయ్యి చురుకైన పిల్ల. అందరూ తలెత్తి తెర చూశారు. అంకె కదల్లేదు.

"పెట్టెలో ఏముందో దానికి కనబడదే," అంది మెరెసేని.

"అయితే బూబూ మిషను మీదే కుడతా," అని లితియా అక్కడ కూర్చుంది. బూబూ అంకె పాకుతూ పైకెళ్ళింది. చంటిపిల్ల జ్వరానికి రెండ్రోజులు నాగా పెట్టిన లితియా అంకె ఈ వారం అసలే కింద ఉంది, అక్కడే ఆగిపోయింది. కాసేపటికి లితియా పేరే ఎర్రబడింది. పైనున్న అద్దాల గదిలోంచి రొనీల్ మైకులో అరిచాడు, ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చోవాలని. చంటిపిల్ల తల్లి లితియా, బిక్కమొహంతో లేచింది. సాయంత్రం టీ గంటకల్లా ఎరుపు మళ్ళీ బూబూ మీదికొచ్చి కూర్చుంది.

మెరెసేని మెట్లెక్కి అద్దాల గదిలోకి వెళ్ళింది.

"బాబూ, ముసలామె. ఈ ఒక్కసారికి వదిలెయ్."

"నేనెవర్ని వదలడానికి ఆంటీ? తెర చెబుతోంది, నేను కాదు."

"తెరకి నోరిచ్చింది నువ్వేగా."

"ఆర్డర్లు తగ్గాయి. ఎవరో ఒకరు వెళ్ళాలి. ఎవరు వెళ్ళాలో నన్ను చెప్పమంటారా? నాకు నిద్ర పట్టదు."

అతని నిద్ర కోసమన్నమాట ఇదంతా. ఆమె దబదబా మెట్లు దిగింది. వేలెత్తి ఒక మనిషిని చూపించే ధైర్యం లేనివాడు ఆ పని టీవీకి అప్పజెప్పి హాయిగా పడుకుంటాడు. ఆ ఉరితాడు పేని అతని చేతికిచ్చింది తనే.

కంప్యూటర్ ముందు కూర్చుని పేర్ల వరుస తెరిచింది. ఎడమచేత్తో, ఒక్కో అక్షరమూ వెతుక్కుంటూ, చివర ఇంకో పేరు కొట్టింది.

తెర ప్రార్థన చూపించింది. తలుపు చూపించింది. పుట్టినరోజులు చూపించింది. తర్వాత పేర్లొచ్చాయి. వాసెమాదా పేరు నల్లబడింది. దాని కింద "మెరెసేని, సున్నా" అని ఎర్రగా వెలిగింది. మిషన్ల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది.

రొనీల్ పరుగున దిగాడు. "ఏంటిది? మీ పేరెందుకుంది అక్కడ?"

"ఇక్కడే పని చేస్తున్నా కదా బాబూ."

"మీరు కుట్టరు కదా."

"అందుకే సున్నా."

"తీసెయ్యండి."

"తియ్యను. కావాలంటే నువ్వే తీసి, దీని చోట ఎవర్ని పెడతావో అందరి ముందూ నీ నోటితో చెప్పు."

రొనీల్ వరుసల వైపు చూశాడు. ఆడవాళ్ళంతా అతన్నే చూస్తున్నారు. పెదవులు కదిపాడు గానీ పేరేదీ బయటికి రాలేదు. "రూలంటే రూలే. సోమవారం నుంచి మీరు రానక్కర్లేదు," అన్నాడు చివరికి, నేల చూస్తూ.

"సరే."

బూబూ ఆమె భుజం మీద ఒక్కటి చరిచింది. "పిచ్చిదానా, నేనడిగానా నిన్ను?"

"అడగలేదు. నీకు అడగడం రాదని నాకు తెలీదా?"

"ఆ చేత్తో ఇంకెక్కడ చేస్తావే పని?"

మెరెసేని తుడుపుగుడ్డ మడిచి స్టూలు మీద పెట్టింది. గంట కొట్టాక ఖాళీ గిన్నె సంచిలో వేసుకుని, వానలోనే బస్సు స్టాండు వైపు నడిచింది. సోమవారం ఉదయం మిషన్లు మొదలయ్యాయి. తెర మీద నూగు పలచగా పట్టింది, తుడిచే మనిషి లేదు. ప్రార్థన వచ్చింది, తలుపు వచ్చింది, పుట్టినరోజులు వచ్చాయి. ఆ తర్వాత, అందరి పేర్లకీ అడుగున, ఆ నూగు చాటునే, ఎవరూ తియ్యని ఆమె పేరు, ఇంకెవరూ దానికన్నా కిందికి దిగలేని సున్నాతో, ఎర్రగా వెలిగింది.